మణికట్టు దాకా కనిపించిన మనిషి

టీవీలో అతను ఎప్పుడూ మణికట్టు దాకానే కనిపించేవాడు. అదైనా కనిపించకూడని చోట. బాక్సింగ్ రింగు మూలలో, రౌండుకీ రౌండుకీ మధ్య దొరికే ఒక్క నిమిషం విరామంలో, స్టూలు మీద కూలబడ్డ ఆటగాడి మొహం మీద కోచ్ నీళ్ళు చల్లుతూ ఏదో చెబుతుంటే, కింద నుంచి ఒక మైకు పైకి లేచేది. దాని వెనకే ఒక చెయ్యి. మొరటు వేళ్ళు, వెడల్పు గోళ్ళు, మణికట్టు మీద ఎప్పటిదో కాలిన మచ్చ, గడియారం, ఆపైన చొక్కా చేతి అంచు. అక్కడితో మనిషి సరి. మిగతా మనిషంతా తాళ్ళ అవతల, దీపాల వెలుగు పడని చోట, ఒక మోకాలి మీద కూర్చుని ఉండేవాడు.

యూనిట్‌లో అందరికీ అతను మైకు బాబాయ్. అసలు పేరు జీతాల సెక్షన్ వాళ్ళకి తెలుసేమో, అడిగి చూడాలి. ఆ టీవీ సంస్థ బాక్సింగ్ చూపించడం మొదలుపెట్టిన కొత్తల్లో, జుట్టు ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, కేబుళ్ళు మోసే పనికి చేరాడు. ఒకరోజు మైకు పట్టుకునే మనిషి జ్వరమొచ్చి రాలేదు. ఈ పూటకి నువ్వు పట్టుకో అని తెచ్చి చేతిలో పెట్టారు. ఆ పూట అలా ఏళ్ళ తరబడి సాగింది. ప్రతి శనివారం మధ్యాహ్నం ఏ హాల్లో పోటీలుంటే ఆ హాలుకి వెళ్ళడం, కేబుళ్ళు పరచడం, సాయంత్రం తాళ్ళ పక్కన కూర్చోవడం.

మైకు పట్టుకోవడంలో ఏముంది, ఎవరైనా పట్టుకుంటారు అనుకుంటారు జనం. పట్టుకోమనండి చూద్దాం. పొడుగు కర్రకి మైకు కట్టి దూరం నుంచి చాపితే మనిషి కనిపించడు నిజమే, కానీ కర్ర పొడుగైన కొద్దీ వేళ్ళ గరగర మైకులోకి పాకుతుంది, మాట పీలగా, బావి లోపలి నుంచి వచ్చినట్టు వస్తుంది. కోచ్‌లు కుదురుగా మాట్లాడతారా అంటే అదీ లేదు. తల అటు తిప్పి, ఇటు తిప్పి, పళ్ళ మధ్య గాయాలు తుడిచే దూది పుల్ల పెట్టుకుని గొణుగుతారు. అందుకని మన బాబాయ్ జానెడు కర్ర వాడేవాడు. కోచ్ భుజం ఎటు తిరగబోతోందో ముందే పసిగట్టి, తల కంటే ముందు మైకు అక్కడ ఉండేలా చూసేవాడు. అలా చెయ్యి తిరగడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాంతో మాట శుభ్రంగా వినిపించేది, చెయ్యి శుభ్రంగా కనిపించేది.

“బాబాయ్, ఇవాళ కూడా మీ చెయ్యి నా ఫ్రేములోకొచ్చి కూర్చుంది. దానికి వేరే జీతమిమ్మని రాయాలా?” అనేది రింగు పక్కన కెమెరా పట్టుకునే ఆవిడ.

“వచ్చే వారం రానివ్వన్లేమ్మా” అనేవాడు అతను. ప్రతి వారం అదే మాట.

ఇంకో చెడ్డ అలవాటు కూడా ఉంది అతనికి. చెడ్డదో మంచిదో మీరే చెప్పాలి. ఆ నిమిషంలో కోచ్‌లు ఆట గురించే మాట్లాడతారనుకుంటాం. ఆట గురించి సగం, మిగతా సగం వేరే. “నావైపు చూడు. ఊపిరి తీసుకో. ఇంకా.” “మీ నాన్న వచ్చాడు, వెనక వరసలో ఉన్నాడు, తిరిగి చూడకు.” ఒక్కోసారి ఓడిపోతున్న ఆటగాడు స్టూలు మీద కూర్చుని భయమేస్తోందని చెప్పేసేవాడు. అలాంటి మాట రాబోతోందని అనిపించగానే మైకు మెల్లగా జనం వైపు వాలిపోయేది. ఇళ్ళల్లో చూసేవాళ్ళకి ఈలలూ గోలా వినిపించేవి. “సౌండ్ ఏమైంది?” అని డైరెక్టరు హెడ్‌ఫోన్లో అరిచేవాడు. “కోచ్ తల తిప్పాడు సార్” అనేవాడు బాబాయ్. పాపం కోచ్‌ల మెడలకి లేని జబ్బంటూ లేదని డైరెక్టరు నమ్మాడు.

ఒక ముసలి కోచ్ ఉండేవాడు. గంట మోగే ముందు, స్టూలు తీసేస్తూ, ప్రతి ఆటగాడితోనూ ఆఖర్న ఒకటే మాట అనేవాడు. “వెళ్ళు. నేనిక్కడే ఉన్నా.” ఆ మాట తనకి చెప్పింది కాదని బాబాయ్‌కి తెలుసు. కానీ హెడ్‌ఫోన్లో మాట అంటే చెవిలో చెప్పినట్టే ఉంటుంది. ఇంకెవరూ అతని చెవికి అంత దగ్గరగా వచ్చి మాట్లాడి చాలా కాలమైంది. ఆ మాట కోసం అతను ఆ కోచ్ ఉన్న వారాలు కాస్త ఉత్సాహంగా బయల్దేరేవాడు. సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు గానీ, ఎవరికీ చెప్పలేదు.

మనిషి ఒంటికాయ సొంఠికొమ్ము. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. ఇవాళ రేపు అంటూ ఉండగానే సంబంధాలు చెప్పేవాళ్ళు చెప్పడం మానేశారు. మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ పక్కన రెండు కుర్చీలు. ఒకదాంట్లో అతను కూర్చునేవాడు, రెండోదాంట్లో ఉతికిన చొక్కాలు కూర్చునేవి. అన్నిటికీ పైన ఉండేది నీలం చొక్కా. దాని కుడి చేతి బొత్తాం ఊడి చాలా కాలమైంది. కుట్టుకోవాలనుకుంటూనే, వేలాడే అంచుతోనే శనివారాలు అదే వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఇలా నడుస్తుండగా ఒక సోమవారం అందర్నీ మీటింగు గదిలోకి పిలిచారు. పైనుంచి ఒకాయన వచ్చాడు. మంచి సూటు, అంతకంటే మంచి గొంతు. “మన బాక్సింగ్ ప్రసారాలకి గౌరవప్రదమైన ముగింపు ఇవ్వాలని నిర్ణయించాం” అన్నాడు. ఆఫీసుల్లో గౌరవం అనే మాట వినబడిందంటే ఎవరికో ఉద్వాసన చెబుతున్నారన్నమాటే. చూసేవాళ్ళు తగ్గిపోయారట. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళట. ముసలివాళ్ళు ప్రకటనల్లో చూపించేవి కొనరట. ఆ వేళకి పాటల పోటీ వేస్తారట. వచ్చే శనివారమే ఆఖరు.

యూనిట్‌లో ఎవర్నీ రోడ్డున పడెయ్యలేదు, ఆ మాట చెప్పుకోవాలి. తలా ఒక చోట సర్దారు. మైకు బాబాయ్‌ని స్టూడియోలో వేశారు. చర్చలకొచ్చే పెద్దమనుషుల కాలరుకి గింజంత మైకు తగిలించి పక్కకి తప్పుకోవాలి. తగిలించాక ఇక దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

కెమెరా ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. బాబాయ్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఊరుకోమ్మా, అంతా మంచికే అని ఏవో నాలుగు ముక్కలు చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని వాళ్ళాయనకి ఫోన్ చేసి మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకుని ఏడ్చింది. అది చూసి అతనికి అసూయ కలిగింది.

ఇంటికెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇంత సంగతి జరిగితే ఒక్కరికైనా చెప్పుకోవాలనిపిస్తుంది కదా ఎవరికైనా. ఫోన్ తీసి పేర్లు చూశాడు. పళ్ళ డాక్టరు, కేబుళ్ళ కొట్టు, కుళాయిలు బాగుచేసే మనిషి, డైరెక్టరు, అక్క. అక్క పేరు దగ్గర వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. ఫోన్ తెర ఆరిపోయింది. అతను మళ్ళీ వెలిగించలేదు.

అక్క సంగతి చెప్పాలి. తల్లి పోయేనాటికి అతను పలకా బలపం పట్టుకునే వయసు. అక్కే పెంచింది, తనకీ పెద్ద వయసేమీ లేకపోయినా. ఒకరోజు వీడి బడి చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వీడు గెంతుకుంటూ వచ్చి తగిలాడు, ఇస్త్రీ పెట్టె జారి మణికట్టు మీద పడింది. కాలినవాడు ఓ గంటలో ఏడుపు మానేశాడు. అక్క మాత్రం రోజుల తరబడి ఏడుస్తూనే ఉంది. పెద్దయ్యాక కూడా ఆ మచ్చ కంటబడితే చాలు, ఏ పనిలో ఉన్నా వేలితో ఓసారి రాసేది.

అక్కకి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళింది. బావ సరదా మనిషి, బాక్సింగ్ అంటే చెవి కోసుకునేవాడు. బావమరిది రింగు పక్కనే కూర్చుంటాడని ఊరంతా చాటింపు వేశాడు. అక్కకి ఆ ఆట గిట్టదు. మనుషులు కొట్టుకోవడం చూడలేక టీవీ ముందు నుంచి లేచిపోతానని తనే చెప్పింది.

ఆ బావ ఒక శనివారం ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ఆ పూట మన బాబాయ్ ఎక్కడో దూరాన రెండు రోజుల పోటీల్లో ఉన్నాడు. జేబులో ఫోన్ మెలకువగా ఉంటే మైకులో గిజగిజ వస్తుంది, అందుకని పనిలోకి దిగేటప్పుడు ఫోన్ ఆపేసి సంచీ అడుగున పెట్టడం అతని అలవాటు. మనకెవరు చేస్తార్లే అని ఆదివారం సాయంత్రం దాకా తెరవలేదు. తెరిచేసరికి అక్క చేసిన ఫోన్లూ, బావ పోయాడన్న కబురూ ఉన్నాయి. రాత్రికి రాత్రి బస్సెక్కి వెళ్ళేసరికి అంత్యక్రియలు అయిపోయి, వచ్చిన చుట్టాలు కూడా వెళ్ళిపోయారు. గుమ్మంలో అక్క అతన్ని చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

“ఆట అయిపోయిందా?”

అని లోపలికి వెళ్ళిపోయింది. అతను చెప్పాల్సింది తలుపుకి చెప్పాడు. ఫోన్ సంగతీ, మైకు సంగతీ, అన్నీ. తలుపు ఏమీ అనలేదు. మొహం చెల్లక తిరిగొచ్చాడు. ఆమె పిలుస్తుందని అతను, అతను మళ్ళీ వస్తాడని ఆమె, ఇద్దరూ బిగదీసుకుని కూర్చున్నారు. అలా కూర్చుంటే ఏళ్ళు ఎంత తొందరగా గడుస్తాయో కూర్చున్నవాళ్ళకే తెలియాలి. అప్పటి నుంచీ ప్రతి శనివారం ఆఖరి గంట మోగీ మోగకముందే అతను సంచీలోంచి ఫోన్ తీసి తెరిచేవాడు. అక్క చేసిందేమోనని చూసేవాడు. ఎప్పుడూ చెయ్యలేదు. అతను కోరుకున్నది అదొక్కటే. అది తప్ప మిగతావి, కేబుళ్ళ కొట్టువాడి మెసేజీలతో సహా, అన్నీ వచ్చేవి.

ఆఖరి శనివారం వచ్చింది. హాలు తలుపుల దగ్గర పూలదండలు కట్టారు. రింగు నాలుగు మూలలా కొత్త గుడ్డ చుట్టారు. డైరెక్టరు బాబాయ్ భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు.

“బాబాయ్ గారూ, ఒక్క కోరిక. ఇది ఎప్పటికీ దాచుకునే ఎపిసోడు. ఈ ఒక్కసారికీ పొడుగు కర్ర వాడండి. నేనొచ్చినప్పట్నుంచీ ఆ చెయ్యి లేకుండా ఒక్క షో అయినా తీయాలని నా ఆశ.”

“సౌండ్ పీలగా వస్తుంది సార్.”

“ఇవాళ సౌండ్ ఎవరు వింటారండీ, అందరూ ఏడుపులో ఉంటారు” అని నవ్వాడు డైరెక్టరు.

నోట్లో నాలుక లేని మనిషి. సరే సార్ అన్నాడు. పొడుగు కర్ర తెచ్చుకున్నాడు. విరామం వచ్చిన ప్రతిసారీ మెట్టు దిగువన నిలబడి, మైకుని గాలిపటంలా పైకి చాపి, చెయ్యిని మాత్రం రింగు అంచు కింద చీకట్లోనే దాచుకున్నాడు. మాటలు పీలగా వచ్చాయి. ముసలి కోచ్ చెప్పే ఆఖరి మాట సగం జనం గోలలో పోయింది. “వెళ్ళు” ఒక్కటే వినిపించింది. కెమెరా ఆవిడ మాత్రం బొటనవేలు పైకెత్తి చూపించింది. ఒక్క వేలు కూడా ఫ్రేములోకి రాలేదట.

పోటీలయ్యాక ముసలి కోచ్ తువ్వాలు మడుచుకుంటూ ఇతని దగ్గరికొచ్చాడు. “ఏమయ్యా, ఇవాళ అంత దూరంగా ఉన్నావేం? నీ చెయ్యి నా చెంప పక్కన లేకపోతే ఏదో మరిచిపోయి వచ్చినట్టుంది” అన్నాడు. బాబాయ్ పొడుగు కర్రకి కట్టిన మైకు విప్పుకున్నాడు.

యూనిట్ అంతా రింగెక్కి ఫోటో దిగడానికి నిలబడింది. “ఎవరు తీస్తారు, ఎవరు తీస్తారు” అని గోల. “ఇలా ఇవ్వండి, నేను తీస్తా” అన్నాడు బాబాయ్. ఫ్రేములో ఉండకూడదని అంత అలవాటైపోయింది. తీశాక, బాబాయ్ లేడేంటి ఇందులో అని కెమెరా ఆవిడ వెతికేసరికి అతను కింద కేబుళ్ళు చుడుతున్నాడు. అరచేతికీ మోచేతికీ మధ్య మెలిక పడకుండా, ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి. రేపు వాటిని విప్పేవాళ్ళు ఎవరూ లేరని తెలిసినా చేతులకి అలాగే వచ్చు.

సంచీ సర్దుతుంటే అడుగున ఫోన్ తగిలింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను దాన్ని తెరవలేదు. ఇక ఆ శనివారాలూ లేవు, ఆ ఎదురుచూడడమూ వద్దు అనుకున్నాడు. కోపంతో కాదు, అలిసిపోయి. సంచీ మూతి కట్టి భుజాన వేసుకున్నాడు.

ఆదివారం పొద్దెక్కాక లేచాడు. టీ పెట్టుకున్నాడు, చల్లారిపోయాక తాగాడు. చెవులకి ఏదో తక్కువైనట్టుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు, దేనికీ తగిలించకుండానే. వాటిల్లో తన ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఇకమీద ఇంతే కాబోలు అనుకున్నాడు. భయమేసింది. ఆ మాట పైకి అనుకోవడానికి కూడా ఎవరూ లేరు. అలా ఎంతసేపు కూర్చున్నాడో, తలుపు బాదుతున్న చప్పుడు చాలా ఆలస్యంగా చెవినబడింది.

తీస్తే అక్క.

మూడంతస్తులు ఎక్కి రొప్పుతోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. భుజాన సంచీ, కాళ్ళకి దుమ్ము. అతని మొహం వైపు చూడలేదు. చూపు కిందికి దించి, “చెయ్యి చూపించు” అంది.

“అక్కా... నువ్వా...”

“కుడి చెయ్యిరా. చూపించు.”

చాపాడు. రెండు చేతులతో పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేళ్ళన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది, మచ్చ మీద బొటనవేలితో రాసింది. “ఉందిగా. నిక్షేపంలా ఉందిగా” అంది. అని ఆ చేతి మీదే ఫట్‌మని ఒక్కటిచ్చింది. “మరి నిన్న ఎక్కడ పెట్టి చచ్చావు దీన్ని?”

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చొక్కాల కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టాడు. చెయ్యి ఆమె వదల్లేదు కాబట్టి ఒక్క చేత్తోనే చేశాడు ఆ పని. పక్కనే ఉన్న కూజాలోంచి మంచినీళ్ళు కూడా ఎడం చేత్తోనే అందించాడు.

“నిన్న మైకొచ్చింది, చెయ్యి రాలేదు” అంది అక్క, ఆ చేతికే చెబుతున్నట్టు. “మొదటిసారి, సరే అటు పక్కనున్నాడేమో అనుకున్నా. రెండోసారీ లేదు. మూడోసారీ లేదు. వేరేవాళ్ళెవరో పట్టుకున్నారు. నీ చేతిలోది నువ్వు ఇంకొకళ్ళకి ఇస్తావా, బతికుండగా? ఇక చూళ్ళేక టీవీ కట్టేశా. ఫోన్ చేశా, పలకలేదు. ఆట టైములో పలకదుగా, అయ్యాక చేద్దాంలే అని కూర్చున్నా. అయ్యాక చేశా. పొద్దున్న చేశా. బస్సులో ఉండి చేశా. నువ్వు పోయావనుకున్నానురా.”

“చెయ్యి కెమెరాలో పడకూడదని పొడుగు కర్ర పట్టుకోమన్నారక్కా. నువ్వు... నువ్వు బాక్సింగ్ చూస్తావా?”

“ఛీ, నేనెందుకు చూస్తా ఆ కొట్టుకోవడం! కళ్ళు మూసుకుంటా. గంట కొట్టాక తెరుస్తా. మీ బావే అలవాటు చేశాడు. ‘గంట కొట్టారు, కళ్ళు తెరువు, మీ తమ్ముడొచ్చాడు’ అనేవాడు. ఆయన పోయాక నాకు నేనే చెప్పుకుంటున్నా. గంట కొట్టారే, కళ్ళు తెరువు అని. మధ్యలో ఆ సబ్బుల ప్రకటనలు వేసినప్పుడల్లా నీ డైరెక్టర్ని తిట్టని తిట్టు లేదు.”

అతను నేల మీద చతికిలబడ్డాడు. చెయ్యి మాత్రం ఆమె ఒళ్ళో ఉంది. కనబడకూడదని యూనిట్ అంతా ఏళ్ళ తరబడి పోరిన ఆ ఒక్క చెయ్యిని, లోకమంతా చూసేది చూడకుండా కళ్ళు మూసుకుని, ఒక మనిషి వారం వారం చూస్తూ కూర్చుంది.

“పాత గడియారం తీసేశావు. ఇది బాగాలేదు” అంది అక్క. “ఆమధ్య బొటనవేలికి కట్టు కట్టుకున్నావు, ఎందుకో తెలిసి చావదు, రెండు వారాలు నిద్రపట్టలేదు. నిరుడు చలికాలం చెయ్యి సన్నబడింది. తింటున్నావో లేదో అనుకున్నా.”

“ఒక్కసారి ఫోన్ చెయ్యచ్చుగా అక్కా?”

“నువ్వు చెయ్యచ్చుగా?”

అక్కే మళ్ళీ అందుకుంది. “చెయ్యి కనబడుతోందిగా, ఉన్నాడు, ఇంకేం కావాలి అనుకునేదాన్ని. పంతం కూడా అనుకో. అబద్ధం ఎందుకు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ నీలం చొక్కా ఏది?”

“ఏ నీలం చొక్కా?”

“బొత్తాం లేనిది. ప్రతి శనివారం అది నోరు తెరుచుకుని వేలాడుతుంటే నా చేతులు ఊరుకునేవి కావు. ఇలా తే.”

కుర్చీ మీంచి దించిన చొక్కాల్లోంచి తీసిచ్చాడు. అక్క సంచీలో చెయ్యి పెట్టి సూదీ దారం తీసింది. చిన్న కాగితం పొట్లం విప్పింది. అందులో నీలం బొత్తాం. ఎప్పుడు కొని దాచిందో.

“నేను పోయాననుకుని వస్తూ బొత్తాం తెచ్చావా?” అన్నాడు నవ్వబోతూ.

“నువ్వుంటే కుడదామని” అంది అక్క.

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె వెలుగు కోసం కిటికీ వైపు తిరిగి సూదిలో దారం ఎక్కించింది. రెండుసార్లు తప్పి మూడోసారికి ఎక్కింది. కుడుతూ, తల ఎత్తకుండా, పాత రోజుల్లో బడికి పంపేటప్పటి గొంతుతో చెప్పుకుపోయింది. “వచ్చే శనివారం ఇదే వేసుకో. ఆ పొడుగు కర్రా గిర్రా అవతల పారెయ్. కెమెరావాళ్ళేమన్నా సరే, చెయ్యి కనబడేలా పెట్టు. తెలిసిందా?”

తను చూడడం ఆపేసిన తర్వాత టీవీవాళ్ళు వీడ్కోలు చెప్పారని ఆమెకి తెలియదు. చెప్పక తప్పదు. చెప్పాడు.

“వచ్చే శనివారం లేదక్కా.”

“ఏం, సెలవా?”

“బాక్సింగే ఆపేశారు. నిన్నటిదే ఆఖరు. ఇంక ఎప్పుడూ ఉండదు.”

సూది ఆగింది. కిందెక్కడో ఎవరో సైకిలుకి గాలి కొడుతున్న చప్పుడు.

“మరి నేనేం చూడాలి?” అంది.

అది అతన్ని అడిగిందో, సూటు వేసుకొచ్చిన ఆ పెద్దమనిషిని అడిగిందో. సోమవారం నుంచీ ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ ఈ మాట ఎవరూ అనలేదు. అతనికి ఏడుపొచ్చింది. మొహం దాచుకోవడానికి చేతులు అక్కర్లేకపోయాయి, ఎలాగూ ఆమె మొహం వైపు చూడ్డం లేదు.

అక్క మిగిలిన కుట్లు వేసింది. ముడి వేసి, దారం పళ్ళతో కొరికి, చొక్కా దులిపింది. “తొడుక్కో” అంది. బనీను మీదే తొడుక్కున్నాడు. కుడి చేతికి బొత్తాం తనే పెట్టి, వెనక్కి జరిగి కూర్చుంది. “ఏదీ, అలా వెళ్ళి నిలబడి ఎత్తు. మైకు పట్టుకున్నట్టు.”

గోడ దగ్గరికెళ్ళి ఎత్తాడు. అక్క ఆ చేతిని కాసేపు చూసింది. మచ్చ, కొత్త బొత్తాం, బాగాలేని గడియారం. తర్వాత చూపు మోచేతి దాకా వెళ్ళింది, భుజం దాకా వెళ్ళింది, వచ్చిన తర్వాత మొదటిసారి అతని మొహం చూసింది.

“ముసలాడివైపోయావురా” అంది.